చూడి కాలంలో వైరస్ వ్యాధులు – దూడకు అందే ప్రతిరక్షకాలు

పాడి రైతు లాభనష్టాల లెక్క పాలతో మొదలై పాలతోనే ముగుస్తుంది. ఆ లెక్కలో దూడకు చోటు తక్కువ. ఈనిన నెలలోపు దూడ చనిపోయి, గేదె పాలు చేపక ఆ ఈతలో దిగుబడి పడిపోయినపుడు మాత్రమే దాని విలువ తెలిసివస్తుంది. లేగదూడల మరణాలలో అధిక భాగం పారుడు, న్యుమోనియా, రక్తంలో సూక్ష్మజీవులు చేరడం వంటి కారణాలవలన సంభవిస్తాయి. మందు వీటికి వేరువేరుగా వాడినప్పటికీ, వెనుక ఉన్న కారణం చాలా సందర్భాలలో ఒక్కటే. పుట్టిన తొలి గంటలలో తల్లి నుండి రావలసిన ప్రతిరక్షకాలు దూడకు చేరకపోవడమే ఆ కారణం. చూడి కాలంలో తల్లికి వైరస్ వ్యాధి సోకినట్లయితే ఈ బదిలీ ఏ విధంగా మారుతుందన్నది ఈ వ్యాసంలో చర్చించబడింది. మానవులలో ఈ విషయంపై పరిశోధన విస్తృతంగా జరిగినందున పోలిక కొరకు అందులోని కొన్ని ఫలితాలను కూడా తీసుకోవడమైనది.

ఆముదం, గురివింద గింజలతో మొదలైన శాస్త్రం

తల్లి నుండి బిడ్డకు రోగనిరోధక శక్తి ఏ మార్గాన చేరుతుందన్న ప్రశ్నకు తొలి స్పష్టమైన సమాధానం జర్మనీ శాస్త్రవేత్త పాల్ ఎర్లిఖ్ ప్రయోగాలలో లభించింది. ఆయన వాడిన విషాలు తెలుగు రైతుకు పరాయివి కావు. ఒకటి ఆముదపు గింజలోని రైసిన్, రెండవది గురివింద గింజలోని అబ్రిన్. ఈ విషాలను స్వల్ప మోతాదులతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ ఇచ్చినపుడు ఎలుకలు వాటిని తట్టుకొనే శక్తిని సంతరించుకొన్నాయి. తరువాత ఆయన పిల్లలను తారుమారు చేశారు. విషాన్ని తట్టుకొనే తల్లి పిల్లలను మామూలు ఎలుక దగ్గర, మామూలు ఎలుక పిల్లలను విషాన్ని తట్టుకొనే తల్లి దగ్గర పాలు తాగనిచ్చారు. రక్షణ గల తల్లి పాలు తాగిన పరాయి పిల్లలు కూడా విషాన్ని తట్టుకొన్నాయి. తండ్రి నుండి మాత్రం ఇటువంటి రక్షణ సంక్రమించలేదు. 1892లో ప్రచురితమైన ఈ ఫలితాలతో, రక్షణ వంశపారంపర్య గుణం కాదని, తల్లి తన శరీరంలో తయారుచేసి బిడ్డకు అప్పగించే పదార్థమని రుజువైనది. అది కొంతకాలం పనిచేసి తరిగిపోతుంది.

పశువుల విషయంలో మైలురాయి 1922. అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అను శాస్త్రవేత్తలు కొన్ని దూడలకు ముర్రుపాలు ఇచ్చి, మరికొన్నింటికి ఇవ్వకుండా పెంచారు. ముర్రుపాలు లేని దూడలలో అధిక సంఖ్య కొద్ది రోజులలోనే మరణించాయి. మామూలుగా పేగులలో ఉండే సూక్ష్మజీవులే వాటి రక్తంలోకి చొరబడినట్లు తేలింది.

మాయ నిర్మాణంలోని తేడా

మానవులలో మాయ కణాలు తల్లి రక్తంలో నేరుగా మునిగి ఉంటాయి. ఆ కణాలపై ఉన్న ఒక ప్రత్యేక గ్రాహకం ఐజి-జి తరగతికి చెందిన ప్రతిరక్షకాలను పట్టుకొని బిడ్డవైపు చేరవేస్తుంది. ఇటువంటి గ్రాహకం ఉండితీరాలని బ్రిటన్ శాస్త్రవేత్త బ్రాంబెల్ 1958లోనే ఊహించారు. ఈ రవాణా గర్భం నాలుగవ నెల ప్రాంతంలో స్వల్పంగా మొదలై చివరి మూడు నెలలలో ఉధృతమవుతుంది. నెలలు నిండి పుట్టిన శిశువు రక్తంలో ఐజి-జి తల్లి రక్తంలోకన్నా కొంత ఎక్కువగానే ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన శిశువుకు ఈ ఆస్తి సగంలోనే ఆగిపోతుంది.

ఆవు, గేదె, గొర్రె, మేకలలో పరిస్థితి పూర్తిగా వేరు. వీటి మాయలో తల్లి రక్తానికి, పిండం రక్తానికి మధ్య కణపొరలు ఎక్కువ. ప్రతిరక్షకాలు వాటిని దాటలేవు. కాబట్టి దూడ దాదాపు ఖాళీ చేతులతో పుడుతుంది. ఆ లోటును ప్రకృతి పొదుగు ద్వారా పూరిస్తుంది. ఈనడానికి సుమారు 5, 6 వారాల ముందు నుండి తల్లి రక్తంలోని ఐజి-జి1 రకం ప్రతిరక్షకాలు పొదుగులోకి చేరడం మొదలవుతుంది. ఈ కాలంలో తల్లి రక్తంలో వాటి మోతాదు స్పష్టంగా తగ్గడం గమనించవచ్చు. ఈనిన వెంటనే ఈ రవాణా నిలిచిపోతుంది. అందువలన మొదటి పితుకులోని పాలు చిక్కనివి, రెండవ పితుకు నుండి గాఢత వేగంగా పడిపోతుంది. ఆవు మొదటి ముర్రుపాలలో మాంసకృత్తులు దాదాపు 14 శాతం ఉండగా, మామూలు పాలలో 3 నుండి 3.5 శాతం మాత్రమే ఉంటాయి.

దూడ పేగు గోడ పుట్టిన తొలి గంటలలో పెద్ద పెద్ద మాంసకృత్తుల అణువులను అరగదీయకుండా యథాతథంగా రక్తంలోకి వదులుతుంది. ఈ ద్వారం పుట్టుకతోనే మూసుకోవడం మొదలుపెట్టి, సుమారు 24 గంటలకు పూర్తిగా మూసుకుపోతుంది. ఆ తరువాత తాగిన ముర్రుపాలు పేగులో కొంత మేలు చేస్తాయి గాని రక్తంలోకి చేరవు.

మానవులలో వైరస్ చూపే ప్రభావం

గర్భిణికి వైరస్ సోకినపుడు ఆ వైరస్‌కు సంబంధించిన ప్రతిరక్షకాలు ఆమె రక్తంలో పెరుగుతాయి, కాబట్టి బిడ్డకు మరింత రక్షణ లభించాలి. ఈ తర్కం సహజమే అయినా ప్రతిసారీ నిజం కాదు.

హెచ్.ఐ.వి. సోకిన తల్లుల విషయం ఇందుకు నిదర్శనం. బిడ్డకు హెచ్.ఐ.వి. సంక్రమించకపోయినప్పటికీ, తట్టు, ధనుర్వాతం వంటి ఇతర వ్యాధుల ప్రతిరక్షకాలు ఆ బిడ్డకు తక్కువగా చేరుతున్నట్లు పలు దేశాల పరిశోధనలలో తేలింది. దీర్ఘకాల సంక్రమణ వలన తల్లి రక్తంలో మొత్తం ఐజి-జి పరిమాణం అతిగా పెరుగుతుంది. మాయలోని గ్రాహకాల సంఖ్య మాత్రం పరిమితం. కాలువ సామర్థ్యం మారకుండా పైనుండి వరద వచ్చినపుడు చివరి మడికి చేరే నీటిలో పనికివచ్చే భాగం తగ్గినట్లే ఇక్కడా జరుగుతుంది. ఇది వైరస్‌కే పరిమితమైన దోషం కాదు, మాయను ఆశించే మలేరియాలో కూడా ఇటువంటి లోటు నమోదైనది.

కోవిడ్ వ్యాధి కాలంలో మరొక అంశం బయటపడింది. గర్భం చివరి మూడు నెలలలో కోవిడ్ సోకిన స్త్రీలలో, కోవిడ్ ప్రతిరక్షకాలు బిడ్డకు ఆశించినంతగా చేరలేదు. అదే స్త్రీలలో ఇన్‌ఫ్లుయెంజా, కోరింత దగ్గు ప్రతిరక్షకాలు మామూలుగానే చేరాయి. కొత్తగా తయారైన ప్రతిరక్షకం అణువుపై ఉండే చక్కెర గొలుసులలోని మార్పు ఇందుకు ఒక కారణంగా గుర్తించబడింది. అంటే ప్రతిరక్షకం పరిమాణమే కాక దాని వయసు, నాణ్యత కూడా బదిలీని నిర్ణయిస్తాయి.

డెంగ్యూలో కథ ఇంకా చిక్కుపడుతుంది. తల్లికి లోగడ డెంగ్యూ సోకి ఉంటే ఆమె ప్రతిరక్షకాలు శిశువును తొలి నెలలలో కాపాడతాయి. అవి తరుగుతూ వచ్చి, వైరస్‌ను అడ్డుకోలేనంత తక్కువ స్థాయికి చేరిన దశలో, సుమారు ఆరు నుండి తొమ్మిది నెలల వయసులో, అవే ప్రతిరక్షకాలు వైరస్ కణాలలోకి చొరబడడానికి తోడ్పడగలవు. బ్యాంకాక్‌లో స్కాట్ హాల్‌స్టెడ్ జరిపిన పరిశీలనలు ఈ సిద్ధాంతానికి పునాది వేశాయి.

పిండం సొంతంగా తయారుచేసే ఐజి-ఎం తరగతి ప్రతిరక్షకాలను గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఐజి-ఎం మాయను దాటదు. బొడ్డుతాడు రక్తంలో అది కనిపిస్తే, గర్భంలో ఉండగానే బిడ్డకు వ్యాధి సోకిందని వైద్యులు నిర్ధారిస్తారు. పశువులలో ఇదే తర్కం మరింత సూటిగా పనిచేస్తుంది. ముర్రుపాలు తాగకముందే తీసిన దూడ రక్తంలో ఏ తరగతి ప్రతిరక్షకం కనిపించినా అది దూడ గర్భంలో తయారుచేసుకొన్నదే, తల్లి ఇచ్చినది కాదు.

బి.వి.డి. వైరస్ – సోకిన నెలను బట్టి ఫలితం

పశువులలో గర్భస్థ సంక్రమణను అర్థం చేసుకోవడానికి బొవైన్ వైరల్ డయేరియా, అనగా బి.వి.డి. వైరస్‌ను మించిన ఉదాహరణ లేదు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 1946లో ఈ వ్యాధిని వర్ణించారు. భారతదేశంలో భోపాల్‌లోని జాతీయ అధిక భద్రతా పశువ్యాధుల ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఈ వైరస్ రకాలను పశువులలో గుర్తించారు. పెద్ద పశువులో ఇది స్వల్ప జ్వరం, కొద్దిపాటి పారుడుతో ముగుస్తుంది కాబట్టి రైతు దృష్టికి రాదు. అసలు నష్టం కడుపులోని దూడకు జరుగుతుంది.

ఆవు చూడి కాలం సుమారు 280 రోజులు. అందులో దాదాపు 40వ రోజు నుండి 120వ రోజు వరకు గల వ్యవధిలో వైరస్ పిండానికి చేరితే, అప్పటికి రక్షణ వ్యవస్థ ఇంకా రూపుదిద్దుకోనందున పిండం ఆ వైరస్‌ను తన శరీరంలోని భాగంగానే భావిస్తుంది. దానికి వ్యతిరేకంగా ఎన్నడూ ప్రతిరక్షకాలు తయారుచేయదు. అటువంటి దూడ జీవితాంతం వైరస్‌ను మోస్తూ, ముక్కు స్రావాలు, పేడ, పాలు, మూత్రం ద్వారా మందలో వెదజల్లుతుంది. చూపుకు అది ఆరోగ్యంగానే కనిపించవచ్చు. పెయ్య అయి చూడి కట్టితే దాని దూడ కూడా అదే స్థితిలో పుడుతుంది. కొంచెం తరువాత, సుమారు 100 నుండి 150 రోజుల మధ్య సోకినపుడు చిన్నమెదడు, కళ్ళలో లోపాలు గల దూడలు పుట్టవచ్చు. అయిదారు నెలల తరువాత సోకితే పిండం స్వయంగా వైరస్‌ను ఎదుర్కొని, ప్రతిరక్షకాలతో సహా పుడుతుంది. ఒకే వైరస్, ఒకే తల్లి. తేదీని బట్టి మూడు వేరువేరు దూడలు!

శాశ్వతంగా వైరస్ మోసే దూడ ముర్రుపాలు తాగినపుడు మరొక చిక్కు వస్తుంది. తల్లి ప్రతిరక్షకాలు రక్తంలో చేరి వైరస్‌ను కప్పివేసినందువలన, తొలి నెలలలో రక్తపరీక్ష చేస్తే వైరస్ లేనట్లు ఫలితం రావచ్చు. ప్రతిరక్షకాలున్నాయి కాబట్టి దూడకు రక్షణ ఉందని పొరబడే ప్రమాదం కూడా ఉన్నది. ఈ కారణంగానే ఐరోపా దేశాలు చెవి అంచున తీసిన చిన్న తోలు ముక్కను పరీక్షించే పద్ధతికి మళ్ళాయి. స్విట్జర్లాండ్ 2008లో దేశంలోని పశువులన్నింటినీ పరీక్షించి ఇటువంటి దూడలను ఏరివేసే కార్యక్రమం చేపట్టింది. వెలుపలి నుండి కొన్న సంకర జాతి పశువులను మందలో కలిపే ముందు ఈ పరీక్ష చేయించే అలవాటు ఇక్కడ ఇంకా రాలేదు. రావలసిన అవసరం ఉన్నది.

గాలికుంటు, పారుడు రోగం – టీకా ఎప్పుడు?

గాలికుంటు వ్యాధిలో తల్లి నుండి దూడకు అందే రక్షణ, వ్యాధి సోకిన సమయానికి ముడిపడి ఉంటుంది. ఈనడానికి రెండు మూడు నెలల ముందు వ్యాధి సోకి కోలుకొన్న పశువులో ప్రతిరక్షకాలు పెరిగి, పొదుగులోకి చేరడానికి తగిన వ్యవధి ఉంటుంది. ఈనబోయే వారంలో సోకితే ఆ వ్యవధి ఉండదు. ప్రతిరక్షకాలు తగినంతగా తయారు కావడానికే పది రోజులకు పైగా పడుతుంది. దీనికి తోడు జ్వరం, మేత మానడం వలన పాలు తగ్గుతాయి. చన్నులపై పొక్కుల నొప్పికి తల్లి దూడను దగ్గరకు రానివ్వదు. పెద్ద పశువు నోటి పుండ్లతో బయటపడుతుండగా, లేగదూడలో ఈ వైరస్ గుండె కండరాన్ని దెబ్బతీసి, నోటిలో పుండు కనిపించకముందే హఠాత్తుగా ప్రాణం తీయగలదు.

2019 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం క్రింద గాలికుంటు టీకాను ఆరు నెలలకొకసారి వేస్తున్నారు. దూడకు తొలి మోతాదు 4 నుండి 5 నెలల వయసులో, బూస్టరు నెల తరువాత ఇస్తారు. ‘ముందే వేస్తే మంచిదే కదా’ అని రైతులు అడగడం సహజం. ముర్రుపాల ద్వారా అందిన ప్రతిరక్షకాలు టీకాలోని వైరస్ పదార్థాన్ని కూడా శత్రువుగానే భావించి తటస్థం చేస్తాయి. దూడ శరీరం స్వయంగా స్పందించే అవకాశం తగ్గిపోతుంది. ఈ ప్రతిరక్షకాలు సుమారు మూడు వారాలకు సగం చొప్పున తరుగుతాయి. తల్లి ఎంత ఎక్కువ ఇస్తే తరగడానికి అంత ఎక్కువ కాలం పడుతుంది. ముర్రుపాలు అందని దూడకు ఈ అడ్డంకి లేదు గాని, టీకా వయసు వచ్చేదాకా అది బతికి ఉండటమే కష్టం.

గొర్రెల పెంపకంలో ఇదే సమస్య మరింత తీవ్రం. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ ప్రథమ స్థానంలోను, ఆంధ్రప్రదేశ్ ద్వితీయ స్థానంలోను ఉన్నాయి. దేశంలో 1987లో తమిళనాడులో తొలిసారి గుర్తించబడిన పారుడు రోగం, అనగా పి.పి.ఆర్., చూడి గొర్రెలు ఈసుకుపోవడానికి, పిల్లల మరణాలకు కారణమవుతున్నది. దీని టీకా సజీవ వైరస్‌తో తయారైనది. రక్షణ గల తల్లి పిల్లలో తల్లి ప్రతిరక్షకాలు మూడు నాలుగు నెలల వరకు నిలుస్తాయి గనుక అంతకు ముందు వేసిన టీకా వృథా అవుతుంది. వలస మందకు ఒకే రోజున అందరికీ టీకా వేసి వెళ్ళిపోవడం ఆచరణలో సులభం. కాని ఆ రోజున రెండు నెలలు నిండని పిల్లలు లెక్కకు టీకా పొందినవిగా, నిజానికి పొందనివిగా మిగులుతాయి. వాటి చెవికి గుర్తు పెట్టి, నాలుగు నెలలు దాటాక మరల వేయించడం కాపరికి కొంత శ్రమే అయినా తప్పనిసరి.

జున్ను సంగతి

ముర్రుపాలు కాచినపుడు గడ్డకట్టడానికి కారణం వాటిలోని ప్రతిరక్షకాలు, ఇతర పాలమాంసకృత్తులు వేడికి పేరుకొనిపోవడమే. మొదటి పితుకు పాలతో జున్ను గట్టిగా రావడం, మూడవ రోజుకు పలచబడడం ప్రతి ఇల్లాలికీ తెలుసు. అంటే బెల్లం, మిరియాలు, యాలకులు వేసి వండిన గిన్నెలో గట్టిపడినది దూడకు చెందిన రక్షణే. పట్టణాలలో జున్నుపాలకు పలికే ధర కూడా మొదటి పితుకుకే ఎక్కువ. మార్కెట్టు తెలియకుండానే ప్రతిరక్షకాల గాఢతకు వెలకడుతున్నది.

దూడ అవసరం ఎంత అన్నది లెక్కవేసి చూడవచ్చు. 30 కిలోల దూడ రక్తంలోని ప్లాస్మా శరీర బరువులో సుమారు 9 శాతం, అనగా 2.7 లీటర్లు. లీటరుకు కనీసం 10 గ్రాముల ఐజి-జి ఉంటేనే బదిలీ సఫలమైనట్లు పరిగణిస్తారు. కాబట్టి రక్తంలో చేరవలసినది 27 గ్రాములు. తాగినదానిలో రక్తంలోకి చేరేది దాదాపు 30 శాతం అనుకుంటే 90 గ్రాములు తాగించాలి. లీటరుకు 50 గ్రాములున్న మంచి ముర్రుపాలైతే 1.8 లీటర్లు సరిపోతాయి. అందులో సగం గాఢత ఉన్నవైతే 3.6 లీటర్లు కావాలి. ఆ దూడ తొలి గంటలలో అంత తాగలేదు. ఆలస్యమైన కొద్దీ పేగు పీల్చుకొనే శాతం తగ్గుతుంది గనుక కావలసిన పరిమాణం ఇంకా పెరుగుతుంది. శరీర బరువులో పదోవంతు పాలను విడతలుగా, తొలి విడత పుట్టిన గంట రెండు గంటలలోపు తాగించాలన్న సిఫారసుకు ఆధారం ఇదే.

మాయ పడేదాకా దూడను చన్నుకు వదలకూడదన్న ఆచారం అనేక గ్రామాలలో ఇప్పటికీ ఉన్నది. మాయ పడడానికి ఎనిమిది నుండి పన్నెండు గంటలు పట్టవచ్చు. ఆ వేళకు పేగు ద్వారం సగానికి పైగా మూసుకొని ఉంటుంది. నిజానికి దూడ చన్ను కుడిచినపుడు విడుదలయ్యే హార్మోను గర్భసంచి ముడుచుకోవడానికి, తద్వారా మాయ పడడానికి తోడ్పడుతుంది. తల్లికి వైరస్ జ్వరం వచ్చి కోలుకొన్న ఈతలో ఈ ఆలస్యం మరింత ప్రమాదకరం. పాల పరిమాణం అప్పటికే తగ్గి ఉంటుంది, ఉన్న కొద్దిపాటి సమయం కూడా పోతుంది.

దూడకు చాలినన్ని ఇచ్చిన తరువాత మిగిలిన పాలతో జున్ను వండుకోవడంలో తప్పు లేదు. రెండవ రోజు సాయంత్రం నుండి వచ్చే పాలు అందుకు తగినవి. మొదటి పితుకులో మిగిలినవి ఉంటే శుభ్రమైన సీసాలలో నింపి డీప్ ఫ్రీజరులో దాచవచ్చు. తల్లి చనిపోయిన లేదా జబ్బుపడిన దూడకు అవి ప్రాణాధారం. వాటిని గోరువెచ్చని నీటిలో ఉంచి కరిగించాలి. పొయ్యి మీద కాస్తే జున్నవుతాయి తప్ప రక్షణ మిగలదు.

మేత, కొలత

గేదెలు అధికంగా వానాకాలం నుండి శీతాకాలం ఆరంభం వరకు ఈనుతాయి. కనుక వాటి చూడి చివరి నెలలు పచ్చిమేత కొరవడిన ఎండాకాలంతో కలుస్తాయి. వరిగడ్డి మీదనే గడిపిన పశువులో ప్రతిరక్షకాల గాఢతకన్నా ముర్రుపాల పరిమాణం తగ్గుతుంది. విటమిన్-ఎ విషయంలో లోటు ఇంకా స్పష్టం. ఈ విటమిన్ కూడా మాయ ద్వారా అతి స్వల్పంగానే చేరి, ముర్రుపాల ద్వారానే దూడకు అందుతుంది. దానికి మూలం పచ్చిమేతలోని కెరోటిన్. నీటి వసతి గల రైతు పది సెంట్లలో దశరథ గడ్డి, గట్ల మీద అవిశె వేసుకొన్నా, చివరి రెండు నెలలు రోజుకు కొన్ని కిలోల పచ్చిమేత సమకూరుతుంది. కోస్తా జిల్లాలలో వరి తరువాత వేసే పిల్లిపెసరను ఎండబెట్టి దాచుకొన్నా మాంసకృత్తులు కొంత అందుతాయి గాని, ఎండలో ఆరినపుడు కెరోటిన్ చాలావరకు నశిస్తుంది. నీడలో ఆరబెట్టడం మేలు. ఈనడానికి రెండు నెలల ముందే పాలు పితకడం మానివేసి పశువును వట్టగొట్టడం, మధ్యాహ్నపు ఎండలో నీడ, నీరు కల్పించడం కూడా ఈ ఏర్పాటులో భాగమే. నోటి దగ్గరి కూడు లాగినట్లు చివరిదాకా పితికితే పొదుగులో ముర్రుపాలు చేరే వ్యవధి కుదించుకుపోతుంది.

ముర్రుపాల నాణ్యతను కంటితో అంచనా వేయడం నమ్మదగినది కాదు. చిక్కగా కనిపించినవన్నీ ప్రతిరక్షకాలు గలవి కావు, కొవ్వు వలన కూడా చిక్కదనం రావచ్చు. ఇందుకు ప్రత్యేక యంత్రం కొననవసరం లేదు. అనకాపల్లి ప్రాంతంలోను, నిజామాబాద్ ప్రాంతంలోను చెరకు పక్వతను చూడడానికి వాడే చేతి బ్రిక్స్ రిఫ్రాక్టోమీటరే చాలు. పలకపై రెండు చుక్కల ముర్రుపాలు వేసి వెలుతురుకేసి చూస్తే అంకె కనిపిస్తుంది. ఆవు ముర్రుపాలలో 22 శాతం బ్రిక్స్ లేదా అంతకు మించి ఉంటే లీటరుకు సుమారు 50 గ్రాముల ఐజి-జి ఉన్నట్లు అంచనా. తక్కువ వస్తే ఆ తల్లి పాలకు తోడు దాచి ఉంచిన ముర్రుపాలు తాగించవచ్చు. చెరకు తోటలో పని ముగిశాక మరునాటి వరకు గూటిలో ఉండే ఆ పరికరాన్ని, ఊరిలో గేదె ఈనిన రాత్రి అడిగి తెచ్చుకొని వాడి, మంచినీటితో తుడిచి తిరిగి ఇవ్వడానికి పట్టే సమయం పది నిమిషాలు.